మూడో పిలుపు

మా పాలెంలో ఇప్పటికీ ఆయన్ని దయ్యాల దానయ్య అనే అంటారు. అన్నవాళ్ళ నోట్లో మన్ను పడ! ఆ మనిషి గొంతు పుణ్యమా అని వాళ్ళ తాతలూ తండ్రులూ రెండు కాళ్ళమీద ఇంటికి నడిచొచ్చారు. వాళ్ళు బతికారు కాబట్టి వీళ్ళు పుట్టారు. పుట్టి, ఆయనకే పేర్లు పెడుతున్నారు. నేను కుడికాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషినే గానీ, నా నాలుక మాత్రం బాగానే ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి, లేకపోతే పొండి.

దానయ్య నాకు వరసకు చిన్నాయన. గురజాలకు పడమటగా, మాచర్ల రైలు లైనుకు అవతల మా పాలెం. ఆయన మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నాడంటే దొడ్లో గొడ్లు మోరలెత్తి చూసేవి. మనిషి చూస్తే బక్కపలచన, ఊదితే పోయేటట్టు ఉండేవాడు. అంత గొంతు ఆ బొమికల గూట్లో ఎక్కడ దాచుకున్నాడా అని అందరూ నవ్వేవాళ్ళు. ఆ గొంతు చూసే సున్నపురాయి క్వారీ మేస్త్రీ వెంకట్రామయ్య ఆయన్ని కేకలు వేసే పనికి పెట్టుకున్నాడు.

క్వారీ అంటే తాటిచెట్టంత లోతు గొయ్యి. మగవాళ్ళు పొడుగాటి గునపాలతో రాతిలో బెజ్జాలు వేసేవాళ్ళు. ఇక్బాల్ అనే ఆయన వాటిలో మందు కూరి, ఒత్తి పెట్టేవాడు. ఆడవాళ్ళం పగిలిన రాయి తట్టలకెత్తి మోసేవాళ్ళం. తూటాలు పేల్చేది రోజూ మిట్టమధ్యాహ్నమే. అందరూ పైకొచ్చి సద్దన్నం తింటుంటే కింద దుమ్ము అణుగుతుందని అట్లా పెట్టారు. దానయ్య గట్టుమీద ఎర్రజెండా పట్టుకుని నిలబడి, "తూటా! తూటా! పైకి రండహో!" అని కేక వేయాలి. అందరూ వచ్చారనుకున్నాక జెండా దించాలి. జెండా దిగితే ఇక్బాల్ ఒత్తులు ముట్టించి పరుగెత్తుకొస్తాడు. ఒక మనిషి కళ్ళు, ఒక మనిషి చెయ్యి, అంతే. క్వారీకి ఉన్న కట్టుబాటు అదొక్కటే.

నలభై మూడో సంవత్సరం ఎండాకాలంలో శివయ్య పోయాడు.

శివయ్యకు ఇరవయ్యేళ్ళు. సీతారావమ్మకు ఒక్కడే కొడుకు. గోతిలో దక్షిణం వైపు రాతి కింద తొలుచుకుంటూ పోయిన సందు ఒకటి ఉండేది. ఎండ పడదని ఆ సందులో కూర్చుని పని చేసేవాడు. ఆ రోజు అందరూ పైకొచ్చారు, వాడు రాలేదు. దానయ్య చూశాడు. "ఒరేయ్ శివయ్యా, పైకి రారా!" అని పేరు పెట్టి ఒక్క కేక వేశాడు. "అయిందా లేదా? ఎండ మాడ్చేస్తాంది, దించరా దానిగా!" అని మేస్త్రీ వెనక నుంచి అరిచాడు. వాడు అవతలి బాట మీదుగా ఎక్కి ఉంటాడులే అనుకుని ఈయన జెండా దించాడు. దుమ్ము అణిగాక ఏం దొరికిందో నేను చెప్పను. మా ఆడవాళ్ళలో ఆ రోజు ఎవరమూ సద్దిమూటలు విప్పలేదు.

వాడు పిలుపు వినలేదనుకున్నాం. వినలేదన్నా బాగుండేది. మా పక్కింటి రోశమ్మ వదిన చివరగా ఆ సందు దగ్గర నుంచే పైకొచ్చింది. సమాధి దగ్గర గుండెలు బాదుకుంటూ ఆవిడ అందరి ముందూ చెప్పేసింది.

"పిలుపు ఇనపడింది. పోదాం రారా అని నేనే అన్నా. ఒక్కసారేగా పిలిచింది వదినా, ఇంకో రెండు కానీ, వత్తా అన్నాడు."

మా వైపు పుట్టినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం పూట, ఒంటిగా ఉన్నచోట, కంటికి కనపడని గొంతు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. అది రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిచిందంటే అది మనిషే. పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు మొత్తుకున్నా మా పాలెంలోనూ పిల్లలకు ఉగ్గుతోపాటు ఇది నేర్పేవాళ్ళు. నాకూ మా అమ్మ నేర్పింది.

రోశమ్మ మాట విని సీతారావమ్మ ఏడుపు ఆపేసింది. "నేనే నేర్పా," అంది. నాకు ఆవిడ ఏడుపు కంటే ఆ రెండు మాటలకే ఎక్కువ భయం వేసింది.

ఆ తరవాత పన్నెండు రోజులు ఒక్కరంటే ఒక్కరు క్వారీ మొహం చూడలేదు. వెంకట్రామయ్య గోతి ఒడ్డున మేకను కోయించాడు. మేస్త్రీ తెలివి ఎప్పుడూ మేక దాకానే పోయేది. కంట్రాక్టరు ఎక్కడి నుంచో అచ్చుకాయితం తెప్పించి క్వారీ దగ్గరి కొట్టం తలుపుకు అంటించాడు. జాగ్రత్తలట, పద్దెనిమిది, ఇంగ్లీషులో! చదవగలిగినవాడు ఆ కొట్టం దరిదాపుల్లో ఒక్కడుంటే ఒట్టు. గాలికి ఆ కాయితం రెపరెపలాడుతుంటే పక్కనే కుక్క పడుకుని చూస్తూ ఉండేది.

దానయ్య ఆ పన్నెండు రోజులూ అన్నం తినలేదని ఆయన భార్య ఆరోగ్యమ్మ మా అమ్మతో చెప్పి ఏడ్చింది. పదమూడో రోజు ఆయన సీతారావమ్మ ఇంటికి పోయి గడప దగ్గర కూలబడ్డాడు. ఆవిడ తిట్టలేదు, కొట్టలేదు. "ఒక్కసారే పిలిచావంట గదా దానయ్యా. ఇంకో రెండుసార్లు పిలిస్తే వచ్చేవోడు," అంది.

అక్కడి నుంచి తిన్నగా మేస్త్రీ దగ్గరికి పోయాడు. జెండా కర్ర ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, తన మాట సాగితేనే మళ్ళీ ఎత్తుతానన్నాడు. గోతిలో దిగిన ప్రతి మనిషినీ పేరుపేరునా మూడుసార్లు పిలవాలి. ఎవరి పేరుకు వాళ్ళు, గట్టుమీద నిలబడి, తమ నోటితో పలకాలి. లోపలి నుంచి పలుకు వస్తే జెండా దిగదు. ఇవి కాక ఇంకొకటి, అది ఆయన బుర్రలోంచి ఎట్లా పుట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పొద్దున గోతిలో దిగేముందు అందరూ సద్దిమూటలు గట్టుమీద ఒకే దండేనికి కట్టాలి. తూటాలకు ముందు ఎవరి మూట వాళ్ళు విప్పి చేత పట్టుకోవాలి. దండెం మీద మూట మిగిలిందంటే మనిషి గోతిలో మిగిలినట్టే.

"ఇరవై ఆరు మందికి మూడేసి పిలుపులా? పొద్దుగూకుద్ది గదరా! కాయితం అంటించాంగా, అది సాలదా?" అన్నాడు వెంకట్రామయ్య.

"కాయితం ఎవురికి తెలుసు మేస్త్రీ? మనోళ్ళకి తెలిసింది రెండే. భయం, ఆకలి. ఆ రెండింటికీ కట్టా నేను," అన్నాడు దానయ్య.

మేస్త్రీ ఎగిరాడు గానీ, కంట్రాక్టరు ఒప్పుకున్నాడు. జనం లేకపోతే రాయి తనంతట తను లేచి బండెక్కదు కదా! ఆ కబురు తెలిసి మేమంతా మళ్ళీ పనికి పోయాం.

మొదటిరోజు పిలుపులు అయిపోయి జెండా దించబోతుంటే సీతారావమ్మ వచ్చింది. చేతిలో మూట. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం, ఉల్లిపాయ. ఆ మూట తీసుకెళ్ళి దండెం చివర కట్టింది. "ఆ రోజు ఒకటే పిలిచావు. తక్కిన రెండూ పిలువయ్యా," అంది. దానయ్య కాదంటాడా? ఏ మొహం పెట్టుకుని కాదంటాడు? గోతి వైపు తిరిగి, "శివయ్యా! ఒరేయ్ శివయ్యా!" అని రెండుసార్లు పిలిచాడు. దక్షిణం గోడకు తగిలి ఆ పిలుపు తిరిగొచ్చింది. ఆయన జెండా దించాడు.

రోజూ అంతే. మూడేళ్ళపాటు అంతే. పొద్దున్నే ఆవిడ వచ్చి మూట కట్టిపోయేది, సాయంత్రం వచ్చి విప్పుకుపోయేది. మా ఇరవై ఆరు మందిని మూడేసి సార్లు పిలిచి, చివర చచ్చిపోయినవాణ్ణి రెండుసార్లు పిలిచేవాడు. దండెం మీద ఎప్పుడూ ఒక మూట మిగిలేది. మాకు అలవాటైపోయింది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు అడిగితే, "అది శివయ్యది, ముట్టుకోమాక," అనేవాళ్ళం. ఒక్కదానికి మాత్రం అందరం జడిసేవాళ్ళం. మూడోసారి పిలవొద్దని ముసలాళ్ళు దానయ్యకు గట్టిగా చెప్పి ఉంచారు. "రెండింటికి పలకడు. మూడోది పిలిచావంటే పలుకుతాడు," అని. నేను పైకి నవ్వేదాన్నే గానీ, ఆ రెండో పిలుపు అయిపోయి జెండా కిందికి దిగేదాకా నా ఊపిరి నా దగ్గర ఉండేది కాదు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం. గాలి లేదు. రాళ్ళ మీద కాలు పెడితే అరికాలు అతుక్కుపోయేటట్టుంది. ఆ రోజు పదకొండు బెజ్జాలు. మేస్త్రీ పొద్దుటి నుంచి అందరి మీదా కస్సుమంటున్నాడు. పైకి పోయే వేళకు నా చుట్టకుదురు దక్షిణం సందులో మరచిపోయానని గుర్తొచ్చింది. తట్ట కింద నెత్తిన పెట్టుకోవడానికి మా అమ్మ పాతచీర చించి చుట్టిచ్చిన కొత్త చుట్టకుదురు. "నువ్వు పద వదినా, ఎనకే వత్తన్నా," అని రోశమ్మతో అని వెనక్కి పోయాను. వంగి దాన్ని అందుకున్నాను. పైన ఏదో గీరుకున్నట్టు చప్పుడైంది. రాతిపలక ఒకటి జారి నా కాలిమీద పడింది. నేను బోర్లా పడ్డాను, నుదురు రాతికి కొట్టుకుంది. నోటినిండా దుమ్ము. నాకు తెలిసింది అంతవరకే. ఇకమీదటిది ఇక్బాల్, రోశమ్మ చెప్పిన సంగతి.

గట్టుమీద పిలుపులు మొదలయ్యాయి. నా వంతు వచ్చింది. "మణెమ్మా! మణెమ్మా! ఓ మణెమ్మా!" నేను వెనకే ఎక్కుతున్నాననుకుంది రోశమ్మ. నాకు తిట్లు పడతాయని జాలిపడింది మహాతల్లి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా గొంతుతో, "ఆఁ, ఉన్నా!" అనేసింది. ఆ తరవాత ఎవరి మూట వాళ్ళు విప్పుకున్నారు. దండెం మీద ఒక మూట మిగిలింది. రోజూ మిగిలేదేగా! దాని వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. సీతారావమ్మ ముందురోజు రాత్రి నుంచి జ్వరంతో లేవలేదనీ, ఆ రోజు అసలు మూటే రాలేదనీ ఎవరికీ తట్టలేదు. మిగిలింది నా మూట. చచ్చినవాడికి వదిలిన చోట బతికున్నదాని మూట వేలాడుతుంటే, ఇరవై అయిదు మందీ దాన్ని చూస్తూ చూడకుండా నిలబడ్డారు.

"కానీరా, కానీ! ఇంకా ఎంతసేపు?" అంటున్నాడు మేస్త్రీ. ఇక్బాల్ నిప్పు పట్టుకుని సగం దారిలో నిలబడ్డాడు. దానయ్య గోతి వైపు తిరిగాడు.

"శివయ్యా!"

గోడ తిరిగి పలికింది.

"ఒరేయ్ శివయ్యా!"

ఇక జెండా దిగాలి. కానీ అన్ని పేర్లూ మూడేసి సార్లు పిలిచి పిలిచి ఉన్న నోరు, ఎండకు తిరుగుతున్న తల. ఆ నోరు ఆగలేదు.

"ఓ శివయ్యా!"

ఈసారి గోడ తిరిగి పలకలేదు. ఎక్కడి చప్పుడు అక్కడ ఆగిపోయిందట. చేతుల్లో మూటలు పట్టుకుని అందరూ దానయ్య మొహం చూశారు. ఆయన చేత్తో నోరు మూసుకున్నాడు. అప్పుడు గోతిలో నుంచి, దక్షిణం సందులో నుంచి, నిదానంగా వచ్చింది.

"ఆఁ... వత్తన్నా!"

దేవుడా! సగం మంది మూటలు పారేసి పాలెం వైపు పరుగు తీశారు. రోశమ్మ అక్కడే కూలబడింది. అల్లా మీద ఆన, అది శివయ్య గొంతే అని ఇక్బాల్ చనిపోయేదాకా చెప్పేవాడు.

"ముట్టించరా సాయిబూ! పేలిత్తే పీడా పోద్ది! జెండా దించరా!" అని వెంకట్రామయ్య గంతులేశాడు. అంత వయసొచ్చిన మనిషి!

"లోపల్నుంచి పలుకొచ్చింది మేస్త్రీ. పలుకొత్తే జెండా దిగదు."

"పలికింది దయ్యంరా, ఎర్రెదవా!"

"పలికినోడు బతికున్నోడా చచ్చినోడా అని కట్టుబాట్లో లేదు," అన్నాడు దానయ్య. సగం దారిలో ఉన్న ఇక్బాల్‌ను వెనక్కి పిలిచి, జెండా అతని చేతికిచ్చి, "నేను పైకొచ్చిందాకా ఇది ఎత్తే ఉంచు," అని గోతిలోకి దిగాడు.

దిగేటప్పుడు కీర్తన పాడాడట. చరణం మధ్యలో మాటలు మరచిపోయి, ఉత్త రాగం తీసుకుంటూ పోయాడట. పైనుంచి చూసేవాళ్ళకు ఆ సందు నోట్లోకి ఆయన వీపు పోవడం కనిపించింది, రాగం ఆగిపోవడం వినిపించింది. ఇక్బాల్ చేతులు రెండూ పైకెత్తి జెండా పట్టుకుని ఏడుస్తున్నాడు. కాసేపటికి, "గునపం తీసుకు రండ్రా! మన మణెమ్మ!" అన్న కేక వచ్చింది. ఆ కేకకు మాత్రం, ఒక్క పిలుపుకే, గట్టుమీద మిగిలినవాళ్ళందరూ దిగారు.

నా కాలు రెండుచోట్ల విరిగింది. కారంపూడి నుంచి కట్లు కట్టే ఆయన్ని పిలిపించారు. మూడోనాడు దానయ్య వచ్చి మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కళ్ళు లోతుకు పోయాయి.

"అమ్మాయ్ మణెమ్మా, ఆ రోజు పలికింది నువ్వేగా?"

ఆ రోజు పలికింది నేను కాదు. నన్ను పైకి తెచ్చేటప్పటికి నా నోరు దుమ్ముతో గట్టిగా మూసుకుపోయి ఉందనీ, వేలు పెట్టి తీస్తేగానీ ఊపిరి ఆడలేదనీ ఇక్బాలే చెప్పాడు. పిలిచిన పేరు కూడా నాది కాదు. కానీ ఆ మనిషి మొహం చూశాను. కాదంటే ఆయన మళ్ళీ ఆ గట్టుమీద నిలబడలేడు. ఆయన నిలబడకపోతే మేస్త్రీ గొంతు, ఒక్క కేక, మళ్ళీ మొదటికే వస్తుంది.

"నేనే చిన్నాయనా. నీ గొంతు ఇనే పలికా," అన్నాను.

ఆయన చిన్నపిల్లాడిలాగా బావురుమన్నాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, "ఆ మూట తీసేయించాలమ్మాయ్. చచ్చినోడి మూట అక్కడుంటే బతికున్నోళ్ళ మూట కంటికి ఆనదు. కానీ ఆ తల్లికి చెప్పటానికి నాకు నోరు రావట్లా," అన్నాడు. నేను చెబుతాలే అన్నాను. ఆయన పోయి ఆ రోజు పగలంతా నిద్రపోయాడని ఆరోగ్యమ్మ చెప్పింది. ఆ తరవాత నలభై తొమ్మిదో సంవత్సరంలో రొమ్ము జబ్బుతో పోయేదాకా ఆ గట్టుమీదే నిలబడ్డాడు. ఆయన జెండా కింద ఇంకొక్కరు పోలేదు. బెల్లంకొండ వైపు క్వారీల నుంచి కూడా మనుషులు వచ్చి ఆ దండెం ఎట్లా కట్టాలో చూసిపోయారు. నా అబద్ధం నిజమనుకునే పోయాడు, అంతవరకు నాకు సంతోషం.

చెబుతానని ఒప్పుకున్నానే గానీ, సీతారావమ్మకు ఎట్లా చెప్పాలో నాకూ తెలియలేదు. జ్వరం తగ్గాక ఆవిడే కర్ర ఊతంగా మా ఇంటికి వచ్చింది. చేతిలో మూట ఉంది. నా మంచం పట్టెమీద కూర్చుని నా కట్టు వైపు చూసింది.

"మణెమ్మా, పలికింది నువ్వేనంట గదా?"

దానయ్యకు చెప్పిన అబద్ధం ఆవిడకు చెప్పడానికి నోరు రాలేదు.

"నేను పలకలా పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ మూట ఒళ్ళోకి లాక్కుంది.

"ఎన్నో పిలుపుకి పలికాడు?"

"మూడోదానికి."

"రెండింటికీ పలకలా?"

"పలకలా పెద్దమ్మా. మూడోదానికే."

సీతారావమ్మ మొహం మీద అప్పుడు వచ్చింది నవ్వో ఏడుపో నాకు తెలియదు. "చెప్పిన మాట మర్చిపోలా నా బిడ్డ," అంది. మూట విప్పి రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. "తిను. ఇంక ఆణ్ణి పిలవొద్దని దానయ్యకు చెప్పు, వచ్చాడుగా," అంది.

మర్నాటి నుంచి పిలుపులు అయిపోయేసరికి దండెం ఖాళీగా ఉండేది.